ఎండ మన తండా మీదనే, మరి సబ్సిడీ ఎవరి ఇంటి మీద?

 

పోస్టు జర పెద్దగ ఉంటది. లెక్కలు ఉన్నయ్ కాబట్టి తీరికగ ఉన్నప్పుడు చదవండి, లేదంటే సేవ్ చేసి పెట్టుకోండి. కానీ తండాల ఎవరన్నా సోలార్ కాయితం మీద సంతకం పెట్టేముందు మాత్రం తప్పకుండా చదవండి.

మేము మెదక్ టౌన్‌ల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదివేటోళ్లం. మా రూంల నలుగురం, నలుగురివి నాలుగు తండాలు. నర్సాపూర్, శివ్వంపేట, కౌడిపల్లి, హవేలిఘనపూర్ దిక్కు. నలుగురి ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే తండాకు ఏ కాయితం వచ్చినా మాకే ఫోన్ వస్తది. రేషన్ కార్డు కాయితమైనా, బ్యాంకు నోటీసైనా, "సదువుకున్నోళ్లు కదా, చెప్పుండ్రి" అంటరు. ఈ మధ్య వచ్చే ఫోన్లు ఎక్కువ సోలార్ గురించే.

మూడు రకాల ప్రశ్నలు వస్తున్నయ్. ఒకటి, ఇంటి మీద సోలార్ ప్లేట్లు పెట్టుకుంటే గవర్నమెంటు 78 వేలు ఇస్తదట, పెట్టుకుందామా? రెండు, ఎవరో బండి మీద వచ్చి చెల్కను 25 ఏండ్లకు సోలార్ కంపెనీకి లీజుకు ఇయ్యమంటున్నరు, ఇద్దామా? మూడు, పోడు పట్టా ఉన్నోళ్లకు ఉత్తగనే సోలార్ మోటరు వస్తదట, నిజమేనా? మా రూంమేట్ వాళ్ల యాడి అయితే ఒక్కటే మాట అడిగింది: "బేటా, సంతకం పెట్టాల్నా, వద్దా?"

అవును అనాలన్నా, కాదు అనాలన్నా లెక్క తెలవాలె. మా నలుగురిలో ఇద్దరం బీకాం, ఒకరు ఎకనామిక్స్, ఒకరు బీఎస్సీ. నోటుబుక్కు ముందర పెట్టుకొని కూసున్నం. తేలింది ఇక్కడ రాస్తున్నం.

1. అసలు గవర్నమెంటు ఎందుకు ఇస్తది?

గాలి కరెంటుకైనా, సోలార్ కరెంటుకైనా ఒక గుణం ఉంది. బొగ్గు కరెంటుల రోజూ బొగ్గు కొనాలె. గాలికి, ఎండకు బిల్లు లేదు. కానీ ఖర్చంతా మొదటి రోజే పెట్టాలె, తర్వాత 25 ఏండ్లు మెల్లమెల్లగ తిరిగి వస్తది. అంటే ముందు పెట్టుబడి పెట్టగలిగినోడే దీంట్లోకి రాగలుగుతడు. ఆ మొదటి రోజు బరువును తగ్గించడానికి గవర్నమెంటు ఇచ్చే సాయాన్నే ప్రోత్సాహకం అంటరు. అది సబ్సిడీ రూపంల ఉండొచ్చు, పన్ను తగ్గింపు రూపంల ఉండొచ్చు, "నీ కరెంటు ఇంత రేటుకు ఇన్నేండ్లు కొంటం" అనే మాట రూపంల ఉండొచ్చు.

మన దేశంల ఇది గాలిమరలతోని మొదలైంది. గాలిమర కొన్న కంపెనీకి వేగవంతమైన తరుగుదల అని పన్నుల రాయితీ ఇచ్చిండ్రు. బీకాం చదివే తమ్ముళ్లకు డిప్రిసియేషన్ తెలుసు. మామూలు మిషన్‌కు ఏడాదికి 15 శాతం తరుగు చూపించుకుంటే, గాలిమరకు మొదటి ఏడాదే 80 శాతం చూపించుకోవచ్చు. 5 కోట్లు పెట్టి గాలిమర కొన్నడనుకోండి. మొదటి ఏడాదే 4 కోట్లు లాభంలకెళ్లి తీసేస్తడు. పన్ను 30 శాతం అనుకుంటే 1 కోటి 20 లక్షలు అప్పుడే మిగులుతయ్. మామూలు లెక్కల అయితే మిగిలేది 22 లక్షల 50 వేలు. తర్వాతి ఏండ్లల్ల ఆయనకు తరుగు తక్కువ దొరుకుతది, అది నిజమే. కానీ ఇయ్యాల చేతిల ఉన్న లక్ష, పదేండ్ల తర్వాత వచ్చే లక్ష ఒకటి కాదు. రెండు రూపాయల మిత్తికి అప్పు తెచ్చే మన ఇండ్లల్ల ఈ ముచ్చట ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఒక్క ప్రశ్న. ఈ రాయితీ ఎవరికి పనికొస్తది? లాభం ఉండి, పన్ను కట్టేటోనికే. తమిళనాడుల బట్టల మిల్లులోళ్లు ఇట్లనే గాలిమరలు కొన్నరు. పన్ను కట్టే ఆదాయమే లేని రైతుకు 80 శాతం కాదు, 100 శాతం తరుగు ఇచ్చినా వచ్చేది సున్నా.

ఇంకో లోపం కూడా ఉంది. మర పెట్టినందుకే రాయితీ దొరుకుతుంటే, అది తిరిగినా తిరగకున్నా కొన్నోనికి పట్టింపు తక్కువ. అందుకే 2009ల కేంద్రం పద్ధతి మార్చి, పుట్టించిన ప్రతి యూనిట్‌కు 50 పైసలు ఇస్తమన్నది. 2012 ఏప్రిల్ నుంచి తరుగు రాయితీ తీసేసినంక ఆ ఏడాది కొత్త గాలిమరలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయినయ్. 2014ల మళ్లీ తెచ్చిండ్రు. 2017 ఏప్రిల్ నుంచి 80ని 40 శాతం చేసిండ్రు, యూనిట్‌కు 50 పైసలు కూడా అప్పుడే ఆగింది. గాలి అదే, మరలు అవే. కాయితం మీద ఒక లైను మారితే వ్యాపారం లేస్తది, పడిపోతది.

మన తెలంగాణల గాలి కరెంటు 128 మెగావాట్లే. మన దిక్కు అనంతపురం, కర్నూలు కొండల మీద ఉన్నంత గాలి లేదు. మనకున్నది ఎండ. కాబట్టి ఇక ఎండ సంగతే మాట్లాడుదాం.

2. ధర ఎట్ల పడ్డది, మాట ఎట్ల తప్పిండ్రు

2010ల జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు, ఆ ఏడాది చివర వేలంల అన్నింటికన్నా తక్కువ పాడినోళ్ల ధర యూనిట్‌కు 10 రూపాయల 95 పైసలు. 2017 మేల రాజస్థాన్‌ల భడ్లా దగ్గర 2 రూపాయల 44 పైసలకు వచ్చింది. 2020 డిసెంబర్‌ల గుజరాత్ వేలంల 1 రూపాయి 99 పైసలు. పదేండ్లల్ల ఐదో వంతు కన్నా తక్కువకు పడ్డది. చైనా ప్లేట్లు అగ్గువ అయినయ్, ప్లాంట్లు పెద్దగ అయినయ్, 25 ఏండ్లు కొంటమని గవర్నమెంటు ఒప్పందం రాసిచ్చింది కాబట్టి బ్యాంకులు తక్కువ మిత్తికి అప్పు ఇచ్చినయ్.

ధర పడ్డది మంచిదే. కానీ ముందుగాల్ల ఎక్కువ ధరకు రాసుకున్న ఒప్పందాల సంగతేంది? పక్కన ఆంధ్రప్రదేశ్‌ల ఇదే పంచాయితీ అయ్యింది. పాత ఒప్పందాలల్ల గాలి కరెంటు యూనిట్ 4 రూపాయల 84 పైసలు. 2019 జూలైల కొత్త ప్రభుత్వం ఆ ధరలు తగ్గియ్యాలని కమిటీ వేసింది. డిస్కంలు నష్టాలల్ల ఉన్నయ్, ఆ ఎక్కువ ధర చివరికి జనం మీదనే పడతదని ప్రభుత్వం వాదన. మీ సంతకం చూసే అప్పు తెచ్చినం, ఇప్పుడు మాట మారిస్తే ఎట్ల అని కంపెనీల వాదన. కేసు నడుస్తున్నంత కాలం గాలికి 2 రూపాయల 43 పైసలు, సోలార్‌కు 2 రూపాయల 44 పైసలు కట్టిండ్రు. 2022 మార్చి 15న హైకోర్టు డివిజన్ బెంచ్ ఒప్పందంల ఉన్న ధరే కట్టాలని తీర్పు ఇచ్చింది.

దీంట్ల మనకేం పని అంటరేమో. ఉంది. వందల కోట్ల కంపెనీలకు కూడా ప్రభుత్వంతో రాసుకున్న ధర కోసం రెండున్నరేండ్లకు పైగ కోర్టుల కొట్లాడాల్సి వచ్చింది. వాళ్లకు వకీళ్లున్నరు, గెలిచిండ్రు. రేపు మన తండాల ఒక రైతుకు కంపెనీ లీజు పైసలు ఆపితే, ఆయన ఏ కోర్టుకు పోతడు? ఎన్నేండ్లు తిరుగుతడు? ఈ ప్రశ్న గుర్తు పెట్టుకొని కింద లీజు ముచ్చట చదవండి.

3. ఇంటి మీద సోలార్: 78 వేల లెక్క

పీఎం సూర్యఘర్ పథకానికి 2024 ఫిబ్రవరి 29న కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. కోటి ఇండ్లు, 75,021 కోట్ల రూపాయలు. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, మూడో కిలోవాట్‌కు 18 వేలు. మొత్తం కలిపి 78 వేలకు మించది. కేంద్రం లెక్క ప్రకారం మొదటి 2 కిలోవాట్లకు ఒక్కోదానికి 50 వేలు, మూడోదానికి 45 వేలు ఖర్చు. అంటే 3 కిలోవాట్లకు 1 లక్ష 45 వేలు. సబ్సిడీ పోను మనం పెట్టేది 67 వేలు. 2 కిలోవాట్లయితే లక్షల 60 వేలు సబ్సిడీ, మనది 40 వేలు. పెట్టించేటోళ్లు చెప్పే ధర దీనికన్నా ఎక్కువే ఉంటది, కానీ సబ్సిడీ పెరగది.

ఒక కిలోవాట్ రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తది. నెలకు 120.

ఇప్పుడు రెండు ఇండ్లు పెట్టి చూద్దాం.

హైదరాబాద్‌ల ఒక ఇల్లు. ఏసీ, ఫ్రిజ్, గీజరు అన్నీ ఉన్నయ్. నెలకు 400 యూనిట్లు దాటుతయ్. మన రాష్ట్రంల 300 దాటినంక ప్రతి యూనిట్ 9 రూపాయలు, ఇంకా పైకి పోతే ఇంకా ఎక్కువ. వాళ్లు 3 కిలోవాట్లు పెడితే నెలకు 360 యూనిట్లు తగ్గుతయ్. సగటున 7 రూపాయలు పట్టుకున్నా నెలకు 2,500 మిగులుతయ్. పెట్టిన 67 వేలు రెండున్నరేండ్ల లోపే తిరిగి వస్తయ్. తర్వాత ఇరవై ఏండ్లకు పైగ లాభమే.

మన తండాల ఒక ఇల్లు. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, టీవీ, ఫోన్ చార్జింగ్. నెలకు 80 యూనిట్లు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి 200 యూనిట్ల లోపు బిల్లు సున్నా. 40 వేలు పెట్టి ప్లేట్లు పెడితే నెలకు మిగిలేది ఎంత? సున్నాలకెళ్లి సున్నా తీసేస్తే సున్నానే. మిగులు కరెంటు గ్రిడ్‌కు పోతే వచ్చే చిల్లర ఒక్కటే ఆదాయం. అదీ డిస్కం కట్టే రేటుకు, మనం బయట కొనే రేటుకు కాదు.

పైంగ ఇంకో మూడు అడ్డాలు ఉన్నయ్. ఒక కిలోవాట్‌కు దాదాపు వంద చదరపు అడుగుల నీడ లేని స్లాబ్ కావాలె. తండాల ఇంకా ఎన్ని రేకుల ఇండ్లున్నయో మనకు తెలుసు. సబ్సిడీ ముందుగాల్ల రాదు, పెట్టించినంక, మీటరు మార్చినంక ఖాతాల పడతది. అంతదాకా పెట్టుబడి మనదే లేదా బ్యాంకుది. మూడోది, ఇల్లు, మీటరు ఎవరి పేరు మీద ఉన్నది అన్న కాయితం. తాత పేరు మీద ఉన్న మీటరుతోని అప్లికేషన్ పెడితే ఏమైతదో మా ఇండ్లల్లనే చూస్తున్నం.

ఒకటే పథకం, ఒకటే 78 వేలు. ఒక ఇంటికి రెండున్నరేండ్లల్ల పెట్టుబడి వాపస్ వస్తది, ఇంకో ఇంటికి రానే రాదు. ఎవరూ ఎస్టీలను వద్దనలేదు, అప్లికేషన్ అందరికీ ఒక్కటే. కానీ ఎక్కువ బిల్లు కట్టేటోళ్లకే ఎక్కువ లాభం వచ్చేటట్టు లెక్క తయారైంది.

అయితే దీన్ని తిరగేసి కూడా చూడాలె. మన 80 యూనిట్లు మనకు ఉత్తగ వస్తున్నయ్ కానీ, ఎవరో ఒకరు కడుతున్నరు. రాష్ట్ర ప్రభుత్వం డిస్కంకు కడుతది. యూనిట్ 5 రూపాయలే అనుకుందాం, ఏడాదికి మన ఒక్క ఇంటికి 4,800. అదే ఇంటి మీద 2 కిలోవాట్లు ప్రభుత్వమే పెట్టిస్తే, ఏడాదికి 2,880 యూనిట్లు వస్తయ్. మనం వాడంగ 1,920 గ్రిడ్‌కు పోతయ్. 3 రూపాయల చొప్పున వేసుకున్నా 5,760. మొత్తం 10 వేల 500కు పైన. కేంద్రం 60 వేలు ఇయ్యంగ రాష్ట్రం పెట్టాల్సింది 40 వేలు, నాలుగేండ్లల్ల వాపస్. అంటే తండా ఇంటి మీద సోలార్ దండుగ కాదు. పెట్టుబడి ఇంటాయన పెడితే దండుగ, ప్రభుత్వం పెడితే ప్రభుత్వానికే లాభం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఇండ్లకు 2 కిలోవాట్లు ఉచితంగ పెట్టిస్తమని ప్రకటించింది ఈ లెక్క మీదనే. మన దగ్గర నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లిల, అంటే ముఖ్యమంత్రి సొంతూర్ల, ఊరు మొత్తానికి సోలార్ పెట్టిండ్రు. కేంద్రం సబ్సిడీకి తోడు ఒక కంపెనీ సామాజిక బాధ్యత పైసలు కలిపిండ్రు. ఒక ఊరికి అయిన పని తండాలకు ఎందుకు కాదు అని మనం అడగొచ్చు.

అడిగేటప్పుడు రెండు విషయాలు రాతల ఉండాలె. ప్లేట్లు 25 ఏండ్లు ఉంటయ్ కానీ ఇన్వర్టర్ అన్నేండ్లు రాదు, మధ్యల ఒకసారైనా మార్చాలె. ఆ ఖర్చు ఎవరిది? రెండోది, సోలార్ ఉంది కదా అని రేపు 200 యూనిట్లు ఆపమని గ్యారంటీ ఏంది? ఈ రెండింటికీ కాయితం మీద జవాబు లేకుండ ఒప్పుకుంటే, ఉన్నది పోయి పాడైన ఇన్వర్టర్ మిగులుతది.

4. పోడు భూమి: 100 శాతం ఎందుకు అవసరం

మన రాష్ట్రంల 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. కాబట్టి లైను ఉన్న చెల్కల సోలార్ మోటరు పెట్టుకుంటే రైతుకు కొత్తగ మిగిలేది ఏమీ లేదు. సోలార్ మోటరు విలువ లైను రాని కాడనే. అంటే పోడు భూములల్ల.

2019ల కేంద్రం తెచ్చిన పీఎం కుసుమ్ పథకంల సోలార్ మోటర్లకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం, రైతు 40 శాతం. ఆ 40ల 30 దాకా బ్యాంకు అప్పు తెచ్చుకోవచ్చు అన్నరు. వినడానికి బాగుంది. కానీ అటవీ హక్కుల పట్టా ఉన్న భూమి అమ్మరాదు, బదలాయించరాదు, వారసులకు మాత్రమే పోతది. చట్టంల 4వ సెక్షన్ల ఉంది. మన భూమి మన చేతులకెళ్లి పోకుండ పెట్టిన మంచి నిబంధన అది. కానీ తాకట్టు పెట్టలేని భూమి మీద బ్యాంకు పెద్ద అప్పు ఎట్లిస్తది? భూమిని కాపాడే నిబంధనే, అప్పు మీద నడిచే పథకంలకు మనల్ని రానియ్యది. అందుకే పోడు రైతుకు సగం సబ్సిడీ అంటే సున్నా సబ్సిడీ. ఇస్తే పూర్తిగ ఇయ్యాలె.

2025 మే 18న అమ్రాబాద్ మండలం మాచారంల మొదలుపెట్టిన ఇందిర సౌర గిరి జల వికాసం ఆ పూర్తి సబ్సిడీ పథకమే. ఐదేండ్లల్ల 2 లక్షల 10 వేల మంది గిరిజన రైతులు, 6 లక్షల ఎకరాలు, 12,600 కోట్లు. భాగించి చూస్తే ఒక్క రైతుకు 6 లక్షలు, ఎకరానికి 2 లక్షల 10 వేలు. బోరు, సోలార్ మోటరు, డ్రిప్పు, పండ్ల మొక్కలు అన్నీ దాంట్లనే. భూమి తక్కువ ఉన్నోళ్లు పక్కపక్క రైతులు కలిసి ఒక బోరు గ్రూపుగ ఏర్పడాలె.

మూడో ప్రశ్నకు జవాబు ఇదే. నిజమే, పథకం ఉంది. కానీ అర్హతకు మూలం పట్టా. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌ల మొదలుపెట్టి 1 లక్ష 51 వేల మందికి 4 లక్షల 6 వేల ఎకరాలకు పోడు పట్టాలు ఇచ్చిండ్రు. ఆ లిస్టుల పేరు రానోళ్లు మెదక్ దిక్కు కూడా ఉన్నరు. వాళ్లకు పట్టా కొట్లాటే మొదటి మెట్టు, సోలార్ తర్వాత.

ఇంకో మాట. సోలార్ నీళ్లు తోడుతది, నీళ్లు పుట్టియ్యది. బోర్లు ఎండిపోయిన కథలు మెదక్ జిల్లాల ఏ తండాకు పోయినా వినిపిస్తయ్. బోరు ఫెయిలైతే ప్లేట్లు ఏం చేస్తయ్? భూగర్భ జలం చూసి, జియాలజిస్టు రిపోర్టు చూసినంకనే పాయింట్ పెట్టమని అడగాలె.

ఎండ ఉత్తదే కాబట్టి నీళ్లు తోడుతనే ఉంటే రేపు అందరి బోర్లు ఎండుతయ్. దీనికి గుజరాత్‌ల ఖేడా జిల్లా ధుండి ఊర్ల ఒక దారి చూపించిండ్రు. 2016ల ఆరుగురు రైతులు సోలార్ మోటర్ల సహకార సంఘం పెట్టుకున్నరు. నీళ్లకు వాడంగ మిగిలిన కరెంటును డిస్కంకు యూనిట్ 4 రూపాయల 63 పైసలకు అమ్మిండ్రు. నీళ్లు ఎక్కువ తోడితే ఆదాయం తగ్గుతది, పొదుపు చేస్తే పెరుగుతది. రైతుకు చెప్పే పని లేకుండనే నీటి పొదుపు లాభమైంది. లైను దగ్గర ఉన్న తండాలల్ల మనం అడగాల్సింది ఇసోంటిదే.

5. లీజు: 25 ఏండ్ల సంతకం

ఇది అన్నింటికన్నా జాగ్రత్తగ చదవండి.

కర్ణాటకల తుమకూరు జిల్లా పావగడ తెలుగు మాట్లాడే ఊర్లున్న కరువు ప్రాంతం. అక్కడ దాదాపు 13 వేల ఎకరాలు రైతుల నుంచి లీజుకు తీసుకొని 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టిండ్రు. భూమి కొనలేదు, రైతు పేరు మీదనే ఉంది, అది మంచి సంగతి. ఎకరానికి ఏడాదికి 21 వేలు, రెండేండ్లకోసారి 5 శాతం పెంపు. వానలు పడక పడావు పడ్డ భూమికి అది చిన్న పైసలు కావు. ఎక్కువ భూమి ఉన్నోళ్లు బాగుపడ్డరు.

కానీ ఆ పెంపు లెక్క చూడండి. 24 ఏండ్లకు 21 వేలు 37,700 దగ్గర ఆగుతది. రెండింతలు కూడా కాదు. ఉపాధి హామీ కూలి 2006ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 80 రూపాయలు, తెలంగాణల 2025-26కు 307 రూపాయలు. 19 ఏండ్లల్ల దాదాపు నాలుగింతలు. అంటే ధరలు, కూలి పెరిగినట్టు లీజు పెరగది. మొదటి ఏడాది ఎక్కువ అనిపించిన పైసలే ఇరవయ్యో ఏడాదికి కూలికి కూడా సాలవు.

ఇంకోటి, భూమి లేనోళ్లకు లీజు రాదు. పావగడల గొర్లు, మేకలు మేపేటోళ్లకు మేత పోయింది, పొలాలల్ల కూలికి పోయే ఆడోళ్లకు పని తగ్గింది. ప్లేట్లు కడిగే పని, గడ్డి కోసే పని, వాచ్‌మన్ పని కొందరికే దొరికింది.

మన దగ్గరికి వచ్చేటోళ్లు ఎక్కువగ కుసుమ్‌ల ఇంకో భాగం పేరు చెప్తరు. రైతు భూమిల, సబ్‌స్టేషన్ దగ్గరల, 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టుకోవచ్చు. తెలంగాణల ఆ కరెంటుకు యూనిట్ 3 రూపాయల 13 పైసలు, 25 ఏండ్లు. 1 మెగావాట్‌కు 4 ఎకరాలు కావాలె, ఖర్చు 3 నుంచి 4 కోట్లు. ఏడాదికి 16 లక్షల యూనిట్లు వేసుకుంటే 50 లక్షల ఆదాయం. ఆ 50 లక్షలల్ల అప్పు కిస్తీ, మిత్తి, నిర్వహణ పోవాలె కాబట్టి అంతా లాభం కాదు. కానీ 4 ఎకరాల రైతుకు ఎకరానికి 30 వేల లీజు ఇచ్చినా 1 లక్ష 20 వేలే. పథకం రైతు పేరు మీద ఉంటది, 4 కోట్లు తేగలిగినోడు నడుపుతడు. మన పేరు, మన భూమి, మన కులం సర్టిఫికెట్ వాడుకుంటున్నప్పుడు లీజు ఒక్కటే కాదు, వాటా అడిగే హక్కు మనకుంది.

అన్నింటికన్నా ముఖ్యమైంది: మీది లావణి పట్టానా, సొంత పట్టానా? తండాలల్ల చాలా భూములు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములే. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టంల "బదలాయింపు" అన్న మాటకు అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా వస్తది. లావణి భూమిని ప్రైవేటోళ్లకు బాండ్ పేపరు మీద లీజుకిస్తే, భూమినే ప్రభుత్వం వాపస్ తీసుకునే ప్రమాదం ఉంది. ఏజెన్సీల ఉన్న అన్నలకు 1/70 చట్టం అండ ఉంది. మెదక్ షెడ్యూల్డ్ ఏరియా కాదు, ఇక్కడ అది వర్తించది. ఇక్కడ మనకున్న రక్షణ ఈ చట్టం, మన జాగ్రత్త.

కాబట్టి ఆ యాడికి మేము చెప్పిన జవాబు ఇది: ఇప్పుడు సంతకం పెట్టకు. ముందు పట్టా కాయితం ఫోటో తీసి పంపు, వాళ్లిచ్చిన అగ్రిమెంటు ఫోటో తీసి పంపు. రెండూ వచ్చినయ్. భూమి లావణిది. అగ్రిమెంటుల పెంపు గురించి ఒక్క లైను లేదు, కంపెనీ మధ్యల పోతే ప్లేట్లు ఎవరు తీస్తరో లేదు. ఆమె ఇంకా సంతకం పెట్టలేదు. కానీ పక్క ఇద్దరు రైతులు అడ్వాన్సు తీసుకున్నరు. ఆ ఇద్దరితోని మాట్లాడే పని ఇంకా మిగిలే ఉంది, అదే మా భయం.

6. మరి ఏం చేద్దాం?

తండాలు 2018 చట్టంతోని గ్రామ పంచాయతీలు అయినయ్. గ్రామసభ మనది. అక్కడ ఈ పనులు చేయొచ్చు.

అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ చదవండి. బడి, అంగన్‌వాడీ, రోడ్డు, కరెంటు లైనుతోపాటు సంప్రదాయేతర ఇంధనం కూడా ఆ 13 పనుల లిస్టుల ఉంది. ఒక్కో పనికి హెక్టారు కన్నా తక్కువ అటవీ భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండ, గ్రామసభ సిఫారసుతోని తీసుకోవచ్చు. తండా పేరు మీద చిన్న సోలార్ ప్లాంటుకు ఇది చట్టం ఇచ్చిన దారి. తీర్మానం రాసి పంపాలె.

మహిళా సంఘాలతోని 1,000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టిస్తమని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఆ లిస్టుల తండా సంఘాలు ఎన్ని అని మండల సమాఖ్యల మన అక్కలు అడగాలె. జవాబు రాకుంటే సమాచార హక్కు కింద పెట్టాలె.

ఐటీఐ, డిప్లొమా చేసిన తమ్ముళ్లు సూర్యమిత్ర శిక్షణ గురించి తెలుసుకోండి. 2015 నుంచి కేంద్రం నడుపుతున్న సోలార్ టెక్నీషియన్ శిక్షణ అది. రేపు మన పోడుల మోటరు ఆగితే, హైదరాబాద్ నుంచి మనిషి వచ్చేదాకా పంట ఆగది. తండాకు ఒక్కరు నేర్చుకున్నా సాలు.

కాయితం ఏది వచ్చినా ఈ ఐదు ప్రశ్నలు అడగండి. భూమి ఏ రకం పట్టా? పైసలు ముందు ఎవరు పెడుతున్నరు? ఏడాదికి ఎంత పెంపు? పాడైతే ఎవరి ఖర్చు? మధ్యల ఆగిపోతే ఏంది? ఐదింటికి రాతల జవాబు ఉంటే ముందుకు పోదాం. లేకుంటే ఆగుదాం.

సోలార్ వద్దని మేము అనడం లేదు. బొగ్గు బావుల కోసం ఊర్లు ఖాళీ చేసిన ఆదివాసీ అన్నలు ఈ గ్రూపులనే ఉన్నరు, ఎండ కరెంటు వాళ్లకూ మంచిదే. జల్, జంగల్, జమీన్ కోసం మన పెద్దలు కొట్లాడిండ్రు. ఎండ కరెంటుల కూడా మన వాటా లెక్క మనమే చూసుకోవాలె అంటున్నం.

మీ తండాకు, మీ గూడేనికి ఇట్ల ఎవరన్నా లీజు కాయితాలు తెచ్చిండ్రా? ఎకరానికి ఎంత చెప్పిండ్రు, ఎన్నేండ్లు అడిగిండ్రు? మండలం పేరుతో కామెంట్ల రాయండి, మనుషుల పేర్లు రాయకండి. అన్నీ కలిపి ఒక పట్టిక చేసి గ్రూపుల పెడతం. వకీలు చదువుతున్న అన్నలు, అక్కలు ఎవరన్నా ఉంటే ఆ అగ్రిమెంటు చూసి చెప్పడానికి ముందుకు రావాలని కోరుతున్నం.

జై సేవాలాల్. జై కొమురం భీం.

మెదక్ హాస్టల్ నుంచి, మేము నలుగురం.